మా ఆయనకు వినిపించని ఇంజను

మా ఆయన చెవులు పోతున్నాయని అందరికంటే ముందు చెప్పింది మా వంటింట్లో కుక్కరు. అది కూత మీద కూత వేస్తుంటే, గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతున్న మనిషి లేచి మంట తగ్గించడు. దండెం మీద బట్టలు ఆరేస్తూ నేను పెరట్లోంచి అరుస్తాను. ఉలకడు, పలకడు. "దున్నపోతు మీద వాన పడ్డట్టే నీకు చెప్పడం" అని తిట్టేదాన్ని. నాకు నోరు కాస్త పెద్దదే, ఆ సంగతి మా వీధంతా ఒప్పుకుంటుంది. "కాపురం పాతబడ్డాక ఏ మొగుడికి మాత్రం పెళ్ళాం మాట ఇనపడద్దిలే" అని పక్కింటి వదిన నవ్వేది. నేనూ అంతే అనుకున్నాను.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద మాకొక కార్ల షెడ్డు ఉండేది. ముందు షెడ్డు, వెనక ఇల్లు, మధ్య గదిలో నా కుట్టు మిషను. మా ఆయన రిపేర్లు చేసేవాడు గానీ ఆయనకు పేరొచ్చింది మాత్రం పాత కార్లు చూసిపెట్టడంలో. మాచర్ల, గురజాల, వినుకొండ, ఎక్కడెక్కడి వాళ్ళో పాత బండి కొనేముందు దాన్ని తెచ్చి ఆయన ముందు నిలబెట్టేవాళ్ళు. ఆయన బాగుందంటే కొనేవాళ్ళు, పెదవి విరిస్తే తిరిగి చూడకుండా పోయేవాళ్ళు.

ఆయన పద్ధతి ఆయనది. రంగు చూడడు, సీట్లు చూడడు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీటరు చూపించేది అసలే నమ్మడు. ముందు బానెట్టు మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలిందా, "బండి ఇక్కడ పెట్టి రేపు పొద్దున రండి" అంటాడు. ఇంజను వేడిమీద ఉంటే ఆయిలు అన్ని మూలలకూ పాకి లోపలి అరుగుదలను కప్పేస్తుందట. రాత్రంతా నిలబడి చల్లారిన బండి పొద్దున్నే తొలిసారి అందుకున్నప్పుడు మాత్రం కడుపులో ఉన్నదంతా కక్కేస్తుంది. అమ్మేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఊరంతా ఒక చుట్టు తిప్పి, పాటలు పెద్దగా పెట్టి మరీ తెచ్చేవాళ్ళు. గేరుబాక్సులో రంపపు పొట్టు కలిపిన ఆయిలు పోసి, దాని ఏడుపు వినపడకుండా నోరు నొక్కిన మహానుభావులూ ఉన్నారు.

పొద్దున్నే బండి స్టార్టు చేయించి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు పెట్టుకునేవాడు. అలా ఒక్కొక్క చోటే పెట్టుకుంటూ పోయేవాడు. కళ్ళు మూసుకునేవాడు. ఆ కాసేపు షెడ్డులో ఎవరూ దగ్గేవాళ్ళు కూడా కాదు.

ఒకరోజు నేను జాకెట్టుకు హుక్కులు కుట్టుకుంటూ చూస్తుంటే, ఆయన ఆ స్క్రూడ్రైవరు పిడిని పళ్ళ మధ్య పెట్టి కరుచుకుని నిలబడ్డాడు. ఎవరూ లేరు. ఒంటరిగా ఒక బండి ముందు. నాకు నవ్వాగలేదు. "ఏందయ్యా, పొద్దున పెట్టిన ఉప్మా చాల్లేదా" అన్నాను. ఆయన తిరిగి చూడలేదు. దగ్గరికి పోయి భుజం తట్టాను. ఉలిక్కిపడి, పిడి నోట్లోంచి తీసి, నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నా గుండెల్లో ముల్లులా ఉంది.

"చెవిలోంచి రావట్లేదే. పళ్ళలోంచైనా వస్తదేమోనని" అన్నాడు.

గుంటూరు తీసుకుపోయాను. ఇన్నేళ్ళ సుత్తి దెబ్బలకూ ఇంజన్ల మోతకూ లోపలి నరం చచ్చుబడిందనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. చెవికి మిషను ఇచ్చారు. అది పెట్టుకుని షెడ్డులోకి రాగానే ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. రోడ్డు మీద లారీ హారను, నా మిషను చప్పుడు, కాకి అరుపు, అన్నీ కలిసి ఒకే మోతగా మీద పడుతున్నాయన్నాడు. ఆయనకు కావాల్సింది పెద్ద చప్పుడు కాదు గదా. పెద్ద చప్పుడు కింద దాక్కున్న చిన్న చప్పుడు. ఆ మిషను అల్మారాలోకి పోయింది.

ఆ రాత్రి ఇద్దరం అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. చెవిటి మనిషి చెవితో పరీక్ష చేస్తున్నాడని తెలిసిన రోజున షెడ్డుకు తాళమే. తిండి సంగతి దేవుడెరుగు, నా కుట్టు మీదైనా బతుకుతాం. కానీ ఆ మనిషికి ఆ చెవి తప్ప వేరే గర్వం లేదు. గుడికి పోయేవాడు కాదు, రాజకీయాలు మాట్లాడేవాడు కాదు, పేకాట రాదు. "ఫలానా ఆయన చూశాడంట, ఇక తిరుగు లేదు" అని పల్నాడులో నలుగురు అనుకునే ఆ ఒక్క మాట మీదే బతుకుతున్నాడు. అది పోతే మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు. అందుకే, "నా చెవులు బాగానే ఉన్నాయిగా" అన్నాను.

అట్లా మొదలైంది మా చదువు. నాకు ఇంజను గురించి ఓనమాలు రావు. ఆయన షెడ్డులో ఉన్న బండ్లన్నీ ఒక్కొక్కటే స్టార్టు చేసి, "ఎట్టా ఉందే?" అని అడిగేవాడు. నాకొచ్చిన మాటల్లో నేను చెప్పేదాన్ని. కుట్టు మిషను ఖాళీగా తొక్కినట్టు పైనుంచి టకటకమంటోందంటే, క్యామ్‌షాఫ్టు అరిగి వాల్వుల మీద సందు పెరిగిందని ఆయన అనేవాడు. సందులో ఈల వేసినట్టు గుయ్యిమంటూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు బేరింగు. గేరు వేసేటప్పుడు తిరగలిలో రాయి పడ్డట్టు గరగరమంటే లోపల పళ్ళు పోయాయని. ఆయన చెవి ఎన్నేళ్ళుగానో విన్న చప్పుళ్ళన్నీ నా మాటల్లోంచి మళ్ళీ గుర్తుపట్టేవాడు. చెవి నాది, బుర్ర ఆయనది.

అన్నిట్లోకీ ఆయన భయపడింది టైమింగు బెల్టుకు. ఇంజను ముందు భాగంలో ఒక మూత కింద పళ్ళున్న రబ్బరు బెల్టు ఉంటుంది. కింద తిరిగే దానికీ, పైన వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌షాఫ్టుకూ అదే లంకె. అది తెగిందంటే పిస్టన్లు పోయి వాల్వుల్ని గుద్దుతాయి. బండి పోతూ పోతూనే చచ్చిపోతుంది. లోపలున్న వాళ్ళ అదృష్టం ఎట్లా ఉంటే అట్లా. పైగా తెగేముందు అది పెద్దగా అరిచి చెప్పదు. ఎక్కువమంది చేసే తప్పు, బండి తక్కువ తిరిగింది కాబట్టి బెల్టు కొత్తదే అనుకోవడం. మా పల్నాడు ఎండలకు రేకుల షెడ్డు కింద ఊరికే నిలబెట్టిన బండిలో కూడా రబ్బరు ఎండి పగులుతుంది. "తిరగని బండినే ఎక్కువ అనుమానించాలే" అనేవాడు ఆయన.

చూసేటప్పుడు మా ఏర్పాటు ఇదీ. ఆయన ఎప్పటిలాగే స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడతాడు. నేను వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చే మిషతో వచ్చి బానెట్టుకు ఇవతల నిలబడతాను. తేడా ఏమీ లేకపోతే ఊరికే ఉంటాను. తేడా వినపడితే కొంగు తీసి నడుము దగ్గర దోపుకుంటాను. ఆయన కళ్ళు తెరిచి నావైపు ఒకసారి చూసి, కొంగు దోపి ఉంటే "కాసేపాగండి" అని లోపలికొస్తాడు. నేను విన్నది చెబుతాను. అడగాల్సినవి అడుగుతాడు. మళ్ళీ బయటికిపోయి జబ్బు పేరు చెప్పి, మూత విప్పి చూపిస్తాడు. ఒక్కటీ తప్పిపోయేది కాదు.

నిజం చెప్పాలంటే, మా కాపురంలో అంత సుఖపడిన రోజులు నాకు వేరే లేవు. బయటివాళ్ళతో ఆయన నటించేవాడు. వాళ్ళేదో అంటే వినపడకపోయినా నవ్వి, తల ఊపి, "అట్టాగే, అట్టాగే" అనేవాడు. ఆ తల ఊపుడు నాకు చూడబుద్ధయ్యేది కాదు. నా దగ్గర మాత్రం దాపరికం లేదు. "ఇనపళ్ళా, మళ్ళీ చెప్పు" అని ఎన్నిసార్లైనా అడిగేవాడు. నా పెదాల వంక చూస్తూ కూర్చునేవాడు. పెళ్ళైన కొత్తలో కూడా నా ముఖం అంతసేపు చూసి ఎరగడు. నేను విసుక్కునేదాన్ని, అరిచేదాన్ని, చేతులు తిప్పేదాన్ని, చివరికి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఇట్లా నడుస్తుండగా బొల్లాపల్లి మనిషి ఒకాయన వచ్చాడు. ఆయన ట్రాక్టరు రిపేర్ల రోజుల నుంచీ మాకు తెలుసు. మా ఆయన్ను బావా అనీ నన్ను అక్కా అనీ పిలిచేవాడు. మెట్ట పొలం మీద విసిగిపోయి, ఒక పాత కారు కొనుక్కుని బాడుగకు తిప్పుకుందామనుకున్నాడు. ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి కాన్పులకూ జబ్బులకూ మనుషుల్ని పేటకు తేవడానికి బండ్లు దొరకడం లేదు. "పురుటి నొప్పుల మనిషిని ఆటోలో ఏసుకుని అడివి దారిలో రావడం నా వల్ల కాలేదక్కా" అన్నాడు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల వ్యాపారి ఒకాయన దగ్గర బండి చూసుకొచ్చాడు. అది ఆ వ్యాపారి తండ్రిదట. పెద్దాయన పోయాక కదలకుండా ఉందట. అమ్మేవాడు మంచివాడే. సాయంత్రమే బండి తెచ్చి మా షెడ్డులో పెట్టి, "మా నాయన గుడికి తప్ప ఎక్కడికీ తీసుకుపోలేదండీ" అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

మర్నాడు పొద్దున అందరూ వచ్చారు. బొల్లాపల్లి ఆయన వెంట వాళ్ళ ఊరివాళ్ళు కొంతమంది ఉన్నారు. ఆయన చేతిలో పళ్ళెం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు. పంతులు చెప్పిన మంచి టైము దాటిపోతోందని కంగారు. ఎవరైనా బండి చూసి బాగుందనుకున్నాక బొట్టు పెడతారు. ఈయనకు మా ఆయన మీద ఎంత నమ్మకమంటే, రెండూ ఒకేసారి కానిచ్చేద్దామన్నాడు. "బావ చూసినాక తిరుగేముంది. మా ఇంటామె మిరపకోతలకు పోయింది. నువ్వే నీ చేత్తో బొట్టు పెట్టు అక్కా" అని పళ్ళెం నా చేతుల్లో పెట్టాడు.

వద్దనడానికి నాకు నోరు రాలేదు. ముత్తైదువను, శుభమా అని అడిగితే కాదనడం ఎట్లా? బానెట్టు ఎత్తే ముందే దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. ఎవరో కర్పూరం వెలిగించారు. నేను రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని హారతి ఇస్తుండగా, బానెట్టు ఎత్తి ఇంజను స్టార్టు చేశారు.

అందుకోగానే నాకు వినిపించింది. సున్నితంగా, ముందువైపు మూతలోంచి, కొబ్బరి చీపురుతో గచ్చు ఊడుస్తున్నట్టు. ఒక లయలో, ఆగకుండా. బెల్టు అంచు పీచులు లేచి మూతకు రాసుకుంటోంది. ఇంతకుముందు ఒకే ఒక్క బండిలో విన్నాను దాన్ని. ఆ మూత విప్పినప్పుడు మా ఆయన, దేవుడి దయ ఇది ఇంకా తెగలేదంటూ చెమట తుడుచుకున్నాడు.

నా చేతుల్లో వెలుగుతున్న కర్పూరం. హారతి మధ్యలో పళ్ళెం దించకూడదు. కొంగు దోపుకోవడానికి చెయ్యి లేదు. తల అడ్డంగా ఊపాను. ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశాడు, కానీ అలవాటు కొద్దీ నా నడుము వంకే చూశాడు. కొంగు దోపి లేదు. ఆయన ముఖం విప్పారింది. స్క్రూడ్రైవరు దించి, నాకు వీపు పెట్టి, మగవాళ్ళవైపు తిరిగాడు.

"ఇంజను దివ్యంగా ఉంది బామ్మర్దీ. కళ్ళు మూసుకుని తీస్కో" అన్నాడు.

బొల్లాపల్లి ఆయన తమలపాకుల్లో పెట్టిన బయానా జేబులోంచి తీశాడు. వ్యాపారి చెయ్యి చాచాడు. నాకు అడివి దారి కనపడింది. వెనక సీట్లో పడుకున్న నిండు చూలాలు కనపడింది.

"ఆ బండి తీసుకోమాకండి" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. మా ఆయన తిరగలేదు. ఆయనకు నేను మాట్లాడినట్టే తెలియదు. నవ్వుతూ, "టైమింగు బెల్టు నీ కొడుకు పెళ్ళిదాకా చూసుకోనక్కర్లా" అంటున్నాడు.

"బెల్టు పోయింది. తెగేట్టుంది. తీసుకోమాకండి" అని ఇంకా గట్టిగా అన్నాను. ఆ గొంతు రోడ్డు అవతలకు కూడా వినపడి ఉంటుంది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. అక్కడున్నవాళ్ళు నన్నొకసారి, ఆయన్నొకసారి చూశారు. ఒక్కొక్క ముఖంలో అర్థమవడం నేను కళ్ళారా చూశాను. అంతమందిలో తెలియనిది ఆయన ఒక్కడికే. చెప్పుకుపోతూ చెప్పుకుపోతూ, ఎదురుగా ఎవరూ తనవైపు చూడటం లేదని గమనించి, మాట సగంలో ఆపి, మెల్లగా వెనక్కి తిరిగాడు. నేను పళ్ళెం నేలమీద పెట్టి కొంగు దోపుకున్నాను. ఇక దేనికి దోపుకున్నానో నాకే తెలియదు.

ఆయన నా కొంగు చూశాడు. ఇంజను ఆపించి, పానా తెచ్చుకుని మూత విప్పాడు. క్యామ్‌షాఫ్టు సీలు దగ్గర ఆయిలు కారి బెల్టంతా తడిసింది. దాని మీద సున్నపు దుమ్ము పేరుకుని ముద్దకట్టింది. అంచు పీచులు పీచులుగా ఉంది. వేలితో వంచితే పళ్ళు పెళుసుగా ఊడి వచ్చాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. పాపం ఆ వ్యాపారి, "మాకు తెలవదండీ, మా నాయన మీద ఒట్టు" అని చేతులు జోడించాడు.

బొల్లాపల్లి ఆయన నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. తర్వాత మా ఆయన దగ్గరికి పోయి, ప్రేమ కొద్దీ, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "బావా, ఇనపడతందా? అక్క చానామంది పేణాలు కాపాడింది."

మా ఆయన తల ఊపాడు.

ఆ తర్వాత ఎవరూ ఆయన్ను అవమానించలేదు. అవమానించి ఉంటే వాళ్ళ తాట తీసేదాన్ని, నా కసి తీరేది. అందరూ జాలిపడ్డారు. షెడ్డుకొచ్చినవాళ్ళు పసిపిల్లవాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా సాగదీసి అరిచేవాళ్ళు. ఇంజను స్టార్టు చేసి ఆయన్ను వదిలేసి నావైపు చూసేవాళ్ళు. "నువ్వు చెప్పమ్మా" అనేవాళ్ళు. ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని పక్కన నిలబడేవాడు. కొన్నాళ్ళకు పట్టుకోవడం కూడా మానేశాడు. బండ్లూ తగ్గాయి. కంప్యూటరు తగిలించి చూసే షెడ్లు వచ్చాయి గదా, అక్కడికి పోయేవాళ్ళు అక్కడికి పోయారు. ఇప్పుడు మా షెడ్డు కార్లు కడిగేవాళ్ళకు అద్దెకిచ్చాం. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ నీళ్ళు చూస్తూ కూర్చుంటాడు.

నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు సాయంత్రం, "మంచి పని చేశావు" అన్నాడు. అంతే. ఒక్కసారి తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. నా నోటికి సరిపడా జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. ఏ ఒక్కదానికీ ఆయన అవకాశం ఇవ్వలేదు.

మొన్న సాయంత్రం ఆయన పక్కన కూర్చుని వంకాయ కూర చెయ్యనా, పప్పు చెయ్యనా అని అడిగాను. నవ్వి తల ఊపాడు. నాకు అనుమానమొచ్చింది. "పక్కింటి వదిన నిన్న బావిలో పడింది, తెలుసా" అన్నాను. మళ్ళీ నవ్వి, "అట్టాగే" అన్నాడు. మళ్ళీ చెప్పమని అడగలేదు. నా పెదాల వంక చూడలేదు. ఎంతకాలంగా ఇలా చేస్తున్నాడో నేను గమనించనే లేదు. ఊరి ముందు నటించే పని అయిపోయాక ఆయన నా ముందు నటించడం మొదలుపెట్టాడు.

కుర్చీ ఆయనకు దగ్గరగా జరుపుకున్నాను. తర్వాత ఆయన గడ్డం పట్టుకుని ముఖం నావైపు తిప్పుకుని, "ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సిందా?" అని అడిగాను.

ఆయన నా కళ్ళలోకి చూసి నవ్వాడు. తల ఊపాడు.